ఓడదొంగల శ్మశానంలో ఉన్నది ఎవరు? సెయింట్ మేరీ దీవి సమాధులపై చర్చ

తీరరేఖ:

మడగాస్కర్ ఈశాన్య తీరానికి ఎదురుగా, పొడవుగా సన్నగా సాగిన సెయింట్ మేరీ అనే దీవి ఒకటి ఉంది. మలగాసీ వారు దానిని నోసీ బోరాహా అంటారు. అక్కడి ముఖ్య పట్టణమైన అంబోదిఫోటట్రకు దక్షిణాన, అఖాతం ఒడ్డున ఒక గుట్ట మీద ఉన్న పాత సమాధులను పర్యాటక సంస్థలు చాలాకాలంగా ‘ఓడదొంగల శ్మశానం’ అని చూపిస్తున్నాయి. వాటిలో ఒక రాతిపలక మీద పుర్రె, దానితో పాటు అడ్డంగా పెట్టిన రెండు ఎముకలు చెక్కి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఆ ఒక్క ఫోటోయే కనిపిస్తుంది.

నా సందేహాలు రెండు. ఆ పలక కింద ఉన్నది నిజంగా ఓడదొంగేనా అన్నది మొదటిది. రెండవది నాకు ఇంకా ముఖ్యమైనది. నడిసముద్రంలో చనిపోయినవాడిని బరువు కట్టి నీళ్లలోకి దించుతారని అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఒక దీవిలో ఇల్లు కట్టుకొని, అక్కడి స్త్రీతో కాపురం చేసి, పశువులను పెంచుకొంటూ బతికిన ఓడదొంగ మంచం పట్టి చనిపోతే అతడిని ఎవరు మోశారు, ఎక్కడ పాతిపెట్టారు, ఏ ప్రార్థన చదివారు? ఆధారాలతో చెప్పగలవారు దయచేసి వివరించగలరు.

పాత అటక:

తీరరేఖ గారూ, మొదటి సందేహానికి సమాధానం ఆ పలక మీదే ఉంది. చూసేవారి కన్ను పుర్రె దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అక్షరాలను ఎవరూ చదవరు. ఆ సమాధి జోసెఫ్ పియేర్ లెషార్టియే అనే ఫ్రెంచివాడిది. 1821లో లా నార్మాండ్ అనే ఓడలో దీవికి వచ్చి, 1834లో అక్కడే కన్నుమూశాడు. సమాధిని కట్టించినవాడు అతడి మిత్రుడు. ఆ దీవి ఓడదొంగలకు స్థావరంగా ఉన్నది దాదాపు 1690 నుంచి 1720ల వరకు మాత్రమే. అంటే దొంగల కాలం ముగిసి నూరేళ్లు గడిచిన తరువాత నిలబెట్టిన పలక అది.

1821 అన్న సంవత్సరానికి ఒక కథ ఉంది. సిల్వెయిన్ రూ నాయకత్వంలో ఫ్రెంచి ప్రభుత్వం ఆ ఏడాది దీవిని మళ్లీ స్వాధీనం చేసుకొని వలసకేంద్రంగా మార్చడానికి కొందరిని పంపింది. వచ్చినవారిని జ్వరాలు తుడిచిపెట్టాయి. రూ సైతం 1823లో అక్కడే పోయాడు. గుట్ట మీద చదవడానికి వీలున్న పలకలలో ఎక్కువ భాగం ఇలా 19వ శతాబ్దంలో వచ్చి చనిపోయిన నావికులవి, ఉద్యోగులవి, మతప్రచారకులవి.

నెల్లూరు చదువరి:

పుర్రె బొమ్మ కనిపిస్తే దొంగ సమాధి అనుకొనే లెక్కన పులికాట్‌లోని డచ్చి శ్మశానమంతా దొంగలదే కావాలి. దాని ముఖద్వారానికి అటొకటి ఇటొకటి రాతి అస్థిపంజరాలు కాపలా ఉన్నట్టు నిలబడి ఉంటాయి. లోపల ఉన్నవారు డచ్చి ఈస్టిండియా కంపెనీ అధికారులు, వర్తకులు, వారి కుటుంబీకులు. 17, 18 శతాబ్దాల ఐరోపా క్రైస్తవులు తమ సమాధుల మీద పుర్రెను, ఎముకలను, ఇసుక గడియారాన్ని చెక్కించుకొన్నది, చూసేవాడికి కూడా తన చావు గుర్తుకు రావాలని. ఓడదొంగలు ఎదుటి ఓడవాళ్లను బెదిరించడానికి ఆ బొమ్మనే జెండా మీదికి ఎక్కించుకొన్నారు. సమాధుల మీద అది అంతకు ముందు నుంచే ఉంది.

సందేహి:

ఒక పలకను పట్టుకొని గుట్టనంతటినీ ఫ్రెంచి ఉద్యోగుల పేర రాసివేయడం తొందరపాటు అవుతుందని మనవి. అక్కడ మిగిలిన సమాధులు సుమారు 30 అని చదివాను. వాటిలో చాలావాటి మీద అక్షరం మిగలలేదు. పైగా శ్మశానం అనేది ఎవరూ కొత్తగా ఎంచుకొనే చోటు కాదు. పూర్వం శవాలను పాతిన చోటే తరువాత వచ్చినవారు కూడా పాతుతారు. ఓడదొంగల ఓడలు లంగరు వేసింది ఆ గుట్ట కిందనున్న అఖాతంలోనే. అఖాతానికి ఫ్రెంచివారు పెట్టిన పేరే ‘దొంగల అఖాతం’. 1821లో వచ్చినవారు తమ మృతులను అదే గుట్ట మీదికి తీసుకొని వెళ్లారంటే, అంతకు ముందే అక్కడ మట్టిదిబ్బలు ఉండి ఉండవచ్చు కదా?

పోర్ట్‌లూయీ వాసి:

నేను మారిషస్ తెలుగువాడిని. మాకు సెయింట్ మేరీ దూరపు దీవి ఏమీ కాదు, ఆ గుట్ట ఎక్కినవాడిని కనుక చెబుతున్నాను. పట్టణం నుంచి వెళ్లే బాటకు అడ్డంగా ఉప్పునీటి పాయలు వస్తాయి. సముద్రం ఆటులో ఉన్నప్పుడు నడిచి దాటవచ్చు, పోటు వేళ అయితే దోనె ఎక్కాలి. గుట్ట మీద కొబ్బరిచెట్లు, గడ్డి, ఒరిగిపోయిన రాళ్లు ఉంటాయి. మధ్యలో పెద్ద నల్లని సమాధి ఒకటి ఉంది. దారి చూపేవారు దాన్ని కెప్టెన్ కిడ్ అనే పేరుమోసిన ఓడదొంగది అంటారు. చేసిన పాపాలకు శిక్షగా అతడిని కూర్చున్న భంగిమలో, తల పైకి ఉండేలా పాతిపెట్టారని కథ. కథ బాగానే ఉంది కానీ అందులో కిడ్ ఉండే అవకాశం లేదు. అతడిని 1701 మే 23న లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉరి తీసి, కళేబరాన్ని టిల్‌బరీ దగ్గర వచ్చిపోయే ఓడలన్నింటికీ కనిపించేలా ఇనుప చట్రంలో వేలాడదీశారు.

కిడ్ సెయింట్ మేరీకి వచ్చిన మాట మాత్రం నిజమే. 1698 జనవరిలో మలబారు తీరం వైపున క్వెదా మర్చంట్ అనే ఓడను పట్టుకొన్నాడు. బెంగాల్ నుంచి పట్టు, సన్నని నూలుబట్టలు, చక్కెర వంటి సరుకుతో సూరత్‌కు వెళ్తున్న ఓడ అది. ఆ ఓడతో దీవికి వచ్చాక అతడి మనుషులలో చాలామంది అతడిని విడిచి మరో దొంగ కెప్టెన్ అయిన కల్లిఫోర్డ్ పక్షాన చేరిపోయారు. సొంత ఓడ అడ్వెంచర్ గాలీ చెక్క పుచ్చి నీళ్లు లాగుతుండడంతో దాన్ని అక్కడే వదిలేయవలసి వచ్చింది. ఆ దీవిలో కిడ్ పాతిపెట్టినది ఏదైనా ఉంటే అది తన ఓడనే.

గవ్వలగంప:

ఆ ఓడను వెతికినవారి సంగతి కూడా చెప్పుకోవాలి. 2015లో అఖాతం అడుగు నుంచి 50 కిలోల ‘వెండి దిమ్మ’ను తీసి, అది కిడ్ నిధిలోనిదేనని ఆర్భాటంగా ప్రకటించారు. యునెస్కో నిపుణులు పరీక్షించగా అందులో 95 శాతం సీసమేనని తేలింది. ఓడ అవశేషమని చెప్పినది కూడా పాత రేవు కట్టడంలో ఊడిన భాగమట. ఆ దీవిలో ఏ రాయిని చూసినా ఓడదొంగకు ముడిపెట్టే అలవాటు పర్యాటకులతో పాటు పరిశోధకులకు కూడా ఉంది.

తీరరేఖ గారి రెండవ ప్రశ్నకు ఇంకా ఎవరూ రాలేదు. పాత అటక గారూ, మడగాస్కర్‌లో చనిపోయిన ఓడదొంగ హాల్సీ అంత్యక్రియల వర్ణన మీ వద్ద ఉంటుందని అనుకొంటున్నాను.

పాత అటక:

ఉంది. కొంచెం వివరంగానే చెప్పవలసిన విషయం.

కెప్టెన్ చార్ల్స్ జాన్సన్ పేరుతో లండన్‌లో 1724లో వచ్చిన ఓడదొంగల చరిత్రకు 1728లో రెండవ సంపుటం వెలువడింది. మడగాస్కర్‌లో స్థిరపడిన దొంగల జీవితాలు ఎక్కువగా ఈ రెండవ సంపుటంలోనే ఉన్నాయి. అందులో జాన్ హాల్సీ అనే బోస్టన్ వాడు జ్వరంతో చనిపోయినప్పుడు తోటివారు జరిపిన అంత్యక్రియల వర్ణన ఉంది. ఇది 1708 నాటి మాట. స్థలం సెయింట్ మేరీ కాదు, దానికి దక్షిణాన మడగాస్కర్ ప్రధాన తీరం మీద అంబోనవూల అనే స్థావరం. ఇప్పటి ఫూల్‌పోయింట్ ప్రాంతమే అదని చరిత్రకారులు గుర్తించారు.

శవపేటిక మీద ఓడ జెండాను కప్పారు. దాని మీద హాల్సీ కత్తిని, పిస్తోలును ఉంచారు. ఇంగ్లండు చర్చి పద్ధతిలో మృతుల కోసం చదివే ప్రార్థనలన్నీ చదివారు. జెండాలు ఎగురవేశారు. అతడి వయస్సు 46 ఏళ్లు కనుక నిమిషానికి ఒకటి చొప్పున 46 సార్లు ఫిరంగి పేల్చారు. ఆపైన చిన్న తుపాకులతో ఇంగ్లీషు పద్ధతిలో మూడుసార్లు, ఫ్రెంచి పద్ధతిలో ఒకసారి గాలిలోకి కాల్చారు. తరువాత అతడిని పాతిపెట్టినది ఒక పుచ్చతోటలో. ఆ ప్రాంతంలో అడవిపందులు విపరీతంగా ఉండేవి కాబట్టి అవి సమాధిని పెళ్లగించకుండా చుట్టూ గుంజలు పాతి దడి కట్టారు.

ఆ వర్ణన మొత్తంలో ఎక్కడా రాయి లేదు. పలక లేదు, చెక్కిన పేరు లేదు. తోట, మట్టి, కర్రల దడి, అంతే. ఆ తూర్పు తీరంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. తుఫానులు దానికి అదనం. కర్రల దడి అక్కడ ఎన్నేళ్లు నిలుస్తుంది? 1690 నుంచి 1720 వరకు ఆ తీరంలో చనిపోయిన దొంగలలో పరపతి ఉన్నవాడికే ఇటువంటి సమాధి దక్కితే, మామూలువాడి సమాధి మూడు వందల ఏళ్ల తరువాత రాతిపలకతో మనకు కనిపిస్తుందని ఎదురుచూడడమే పొరపాటు. సందేహి గారు అన్నట్టు ఆ గుట్ట మీద ఫ్రెంచివారి సమాధుల కింద పాత మట్టిదిబ్బలు ఉండవచ్చు, నేను కాదనను. అయితే ఇప్పుడు పైకి కనబడుతున్న రాళ్లు మాత్రం వారివి కావు.

నెల్లూరు చదువరి:

దొంగల అంత్యక్రియలలో చర్చి ప్రార్థన చదవడం ఆశ్చర్యంగా ఉంది. అక్కడ పాద్రీ ఎవరు?

పాత అటక:

పాద్రీ అవసరం లేదు. ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకం ఓడలలో ఉండేది. మామూలు వర్తక ఓడలలో కెప్టెనో, చదవడం వచ్చిన మరొకరో శవం దగ్గర నిలబడి ఆ పాఠం చదివేవారు. దొంగలు కూడా వర్తక ఓడలలో, రాచనౌకలలో పని చేసి వచ్చినవారే. నిమిషానికొక ఫిరంగి అన్నది పెద్ద అధికారి చనిపోతే నౌకాదళం పాటించే మర్యాద. తమను ఉరి తీయడానికి వెతుకుతున్న నౌకాదళం మర్యాదనే వారు తమ నాయకుడికి జరిపించారు.

గవ్వలగంప:

నాకు ఆ నాలుగవ పేలుడు ముఖ్యంగా తోస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో మూడు, ఫ్రెంచి పద్ధతిలో ఒకటి. ఆ స్థావరంలో రెండు దేశాలవారూ కలిసి ఉండేవారు, చావు దగ్గర ఎవరి పద్ధతిని వారు పాటించడానికి చోటు ఇచ్చుకొన్నారు. వారి స్వదేశాలు రెండూ ఆ సమయంలో ఒకదానితో ఒకటి యుద్ధం చేస్తున్నాయి.

థామస్ వైట్ సంగతి కూడా ఇక్కడ చేర్చాలి. అతడు కెప్టెన్‌గా దోచినది దోచి, అదే స్థావరంలో ఇల్లు, పశువులు కొనుక్కొని స్థిరపడ్డాడు. తరువాత హాల్సీ ఓడలో మామూలు నావికుడిగా మరొకసారి వెళ్లి వచ్చి, రక్త విరేచనాలతో మంచం పట్టాడు. చావు దగ్గర పడిందని తెలిసి వీలునామా రాయించాడు. స్థానిక స్త్రీ వల్ల కలిగిన తన కొడుక్కి మూడు వేరువేరు దేశాలకు చెందిన ముగ్గురిని సంరక్షకులుగా నియమించి, మొదట వచ్చే ఇంగ్లీషు ఓడలో పిల్లవాడిని, తాను విడిచిన డబ్బును ఇంగ్లండుకు పంపాలని, తండ్రి కంటే మంచివాడిగా బతకడానికి అతడిని క్రైస్తవుడిగా పెంచాలని కోరాడు. అతడిని కూడా హాల్సీకి జరిపిన మర్యాదలతోనే పాతిపెట్టారు. కొన్నేళ్లకు ఒక ఇంగ్లీషు ఓడ రాగా సంరక్షకులు ఆ పిల్లవాడిని నిజంగానే కెప్టెన్‌కు అప్పగించారని పుస్తకం చెబుతుంది. ‘మర్యాదలు అవే’ అని రాశారంటే ఆ స్థావరానికి ఒక నిలకడైన పద్ధతి ఏర్పడిందని అర్థం. ముగ్గురు వేరువేరు దేశాలవారిని పెట్టడంలో వైట్ తెలివి కూడా నాకు నచ్చింది. ముగ్గురూ ఏకమై పిల్లవాడి సొమ్ము మింగడం అంత సులభం కాదు.

సందేహి:

నా రెండవ అభ్యంతరం ఇక్కడే. మీరిద్దరూ ఆధారపడుతున్న ఆ 1728 సంపుటంలోనే మిసన్ అనే ఫ్రెంచి కెప్టెన్, అతడు మడగాస్కర్‌లో నెలకొల్పిన లిబర్టాలియా అనే సమానత్వ పట్టణం కూడా ఉన్నాయి. అది కల్పన అని ఈ రోజు దాదాపు చరిత్రకారులందరూ అంగీకరిస్తారు. ఒక గదిలో అబద్ధం ఉంచిన ఇంట్లో పక్క గదిలోని వస్తువు అసలైనదని ఎలా నమ్మాలి? గుట్ట మీది దారి చూపేవాడు చెప్పే కథను కొట్టిపారేసి, లండన్ పుస్తకాల వ్యాపారి చెప్పిన కథను నమ్మడానికి కారణం ఏమిటి?

పాత అటక:

న్యాయమైన ప్రశ్న. కారణం చెబుతాను.

మిసన్‌కు ఆ పుస్తకం వెలుపల ఉనికి లేదు. హాల్సీ, వైట్, వారిలాంటి దొంగ కెప్టెన్లే అయిన నార్త్, బోవెన్ వంటివారు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉత్తరాలలో, కోర్టు వాంగ్మూలాలలో, పట్టుబడిన ఓడల వారి ఫిర్యాదులలో కనిపిస్తారు. ఆ స్థావరాల జీవితం ఎలా ఉండేదో పుస్తకంతో పని లేకుండానే మనకు తెలుసు. ఆడమ్ బాల్డ్రిడ్జ్ అనేవాడు 1690లో సెయింట్ మేరీకి చేరి, తరువాతి ఏడాది అక్కడ కోట వంటి ఇల్లు, గోదాములు కట్టి 1697 దాకా వ్యాపారం చేశాడు. న్యూయార్క్ వర్తకుడు ఫ్రెడరిక్ ఫిలిప్స్ పంపిన ఓడల నుంచి మద్యం, బట్టలు, తుపాకిమందు దించుకొని దొంగలకు అమ్మేవాడు. అతడు 1699 మే 5న న్యూయార్క్‌లో ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది.

ఇక అంత్యక్రియల వర్ణన విషయం. కల్పించేవాడు నాయకుడి సమాధిని కొండ కొమ్మున, సముద్రానికి ఎదురుగా పెడతాడు. పుచ్చతోటను, పందులకు అడ్డుగా దడిని ఎందుకు పెడతాడు? అక్కడ నిలబడి చూసినవాడు చెప్పిన మాటలా ఉంది కాబట్టి నమ్ముతున్నాను. 46 అనే అంకెను మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పను.

సందేహి:

పందుల వాదం బలమైనదే, ఒప్పుకొంటాను. ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోను.

తీరరేఖ:

చర్చ ఇంత లోతుకు వెళ్తుందని అనుకోలేదు. మరొక్క సందేహం. మీరు చెప్పినవన్నీ దొంగలే దొంగకు జరిపిన అంత్యక్రియలు. దొంగ ఇతరుల ఊరిలో, ఇతరుల అధికారం కింద చనిపోతే? పక్కనే ఫ్రెంచివారి బూర్బన్ దీవి, అంటే ఇప్పటి రెయూనియన్ ఉంది. అక్కడ చాలామంది ఓడదొంగలు క్షమాభిక్ష పొంది స్థిరపడ్డారని విన్నాను.

పోర్ట్‌లూయీ వాసి:

స్థిరపడ్డారు. కాని అక్కడ నేల ప్రభుత్వానిది, శ్మశానం చర్చిది. జాన్ బోవెన్ అనే కెప్టెన్ దోపిడీ మానుకొని బూర్బన్‌లో ఉండిపోయాడు. కొన్నాళ్లకే కడుపునొప్పి జబ్బుతో చనిపోయాడు. అతడు ప్రొటెస్టంటు. కాథలిక్కు పాద్రీలు మతద్రోహికి పవిత్రభూమిలో చోటు ఇవ్వబోమన్నారు, అందుచేత రహదారి పక్కన పాతిపెట్టారు. దొంగతనం క్షమించగలిగారు గాని మతం క్షమించలేకపోయారు. ప్రొటెస్టంటు దొంగలలో బూర్బన్‌లో పెళ్లి చేసుకొని నిలదొక్కుకొన్నవారు ముందు తమ మతాన్ని విడిచి కాథలిక్కులలో కలిశారు. అటువంటివారికి మామూలు గృహస్థుల సరసన శ్మశానంలో చోటు దొరికింది. మరో మాటలో, బూర్బన్‌లో బాగా స్థిరపడిన దొంగ సమాధిని గుర్తుపట్టే మార్గమే లేదు.

గుర్తుపట్టే సమాధి అని చూపేది ఒకటే ఉంది, దానితోనే చిక్కు. సెయింట్ పాల్ పట్టణంలోని సముద్రతీర శ్మశానంలో ఒలివియే లెవాసర్ అనే ‘లా బ్యూజ్’ పేరుతో పుర్రె, ఎముకలు ఉన్న రాతి శిలువ నిలబెట్టారు. 1721లో అదే దీవి ఒడ్డున, గోవా నుంచి పోర్చుగల్‌కు తిరిగి వెళ్తున్న వైస్రాయి ఉన్న నోస్సా సెన్యోరా దో కాబో ఓడను దోచుకొన్నవారిలో అతడు ఒకడు. అతడిని 1730 జూలై 7న సెయింట్ పాల్‌లోనే ఉరి తీశారు. అయితే ఆ శ్మశానం ఏర్పడింది 1788లో. ఉరి తీసిన 58 ఏళ్లకు తెరిచిన శ్మశానంలో అతడి సమాధి ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. కొందరు రాత్రివేళ వచ్చి ఆ శిలువ దగ్గర రమ్ము సీసాలు, సిగరెట్లు పెట్టి మొక్కుకొని వెళ్తుంటారు. నాకు నవ్వు రాలేదు. సమాధి అబద్ధమైనా మొక్కు నిజమే.

నెల్లూరు చదువరి:

ఊరికి ఆవల సారాయి, చుట్ట పెట్టి మొక్కే దేవుళ్లు మనకు కూడా ఉన్నారు కాబట్టి నవ్వవలసిన పని లేదు.

గవ్వలగంప:

ఇంతవరకు మనం మగవారి గురించే మాట్లాడుతున్నాం. ఈ దొంగలతో కాపురం చేసిన మలగాసీ స్త్రీలు, వారి బంధువులు ఆ చావును ఎలా చూశారు?

ముందు ఒక అపోహను పక్కన పెడదాం. మడగాస్కర్ అంత్యక్రియలు అనగానే అందరూ ఫమదిహానా గురించి చెబుతారు. కొన్నేళ్లకొకసారి పూర్వీకుల ఎముకలను బయటకు తీసి కొత్త పట్టువస్త్రాలు చుట్టి, వాద్యాలతో ఊరేగించే ఉత్సవం అది. దానికి ప్రసిద్ధులు మధ్య పీఠభూమిలోని మెరీనాలు, బెట్సిలెయోలు. దొంగలు స్థిరపడిన తూర్పు తీరం బెట్సిమిసరకలది. వారిలో ఎముకలకు మళ్లీ వస్త్రం మార్చే ఆచారం ఉన్న చోట కూడా పీఠభూమిలో ఉన్నంత ఆర్భాటం ఉండదు. దక్షిణాన ఉన్నవారు శవపేటికను సమాధిగదిలో పెడితే, ఉత్తరాన ఉన్నవారు ఆరుబయట పందిరి కింద నేల మీదనే ఉంచుతారు. మైల రోజులలో స్త్రీలు జడ విప్పుకొని, అకాంజో అనే పైవస్త్రం వేసుకోవడం మానేస్తారు. మగవారు టోపీ పెట్టరు. దగ్గరితనాన్ని బట్టి ఇది రెండు నుంచి నాలుగు నెలల వరకు సాగేది. ఇవి తరువాతి కాలంలో నమోదైన ఆచారాలు, 1708లో అక్షరాలా ఇవే ఉన్నాయని అనడం లేదు.

మలగాసీ సమాజంలో మనిషి ఎక్కడివాడు అంటే వాళ్ల పూర్వీకుల సమాధి ఎక్కడ ఉంటే అక్కడివాడు. పరాయి దేశం నుంచి వచ్చిన దొంగకు ఆ నేలలో పూర్వీకుల సమాధి లేదు. ఎంత సంపన్నుడైనా, ఎన్ని పశువులున్నా భార్య వంశపు సమాధిలో అతడికి చోటు దక్కడం కష్టమే. అందుకే హాల్సీ పుచ్చతోటలోకి వెళ్లాడని నా అభిప్రాయం. అది తోటివారి ప్రేమకు ఎంత గుర్తో, అతడు ఆ నేలకు పరాయివాడు అన్నదానికి కూడా అంతే గుర్తు. వారి పిల్లల పరిస్థితి వేరు. వారు తల్లి వైపు నుంచి ఆ నేలకు హక్కుదారులు.

పాత అటక:

దీనికి ఒక జోడింపు. మర్యాదలు దక్కనివారి గురించి కూడా మరిచిపోవద్దు. 1697లో సెయింట్ మేరీ వాసులు దొంగల మీద తిరగబడి చాలామందిని చంపేశారు. బాల్డ్రిడ్జ్ కొందరు స్థానికులను నమ్మించి ఓడ ఎక్కించి బానిసలుగా అమ్మివేయడమే దానికి కారణమని కిడ్ తదితరులు చెప్పారు. బాల్డ్రిడ్జ్ మాత్రం ముందే దీవి దాటి ప్రాణం దక్కించుకొన్నాడు. నథానియేల్ నార్త్ కూడా అంబోనవూలలో నిద్రలో ఉండగా స్థానికుల చేతిలో హతమయ్యాడు. దొంగలు ‘స్థిరపడ్డారు’ అని మనం సులువుగా అంటున్నాం కానీ వారు పొరుగువారి పశువుల కోసం, బానిసల కోసం జరిగే యుద్ధాలలో తుపాకులతో పాల్గొంటూ బతికారు. 1697లో పడిపోయినవారికి తోట, దడి, తుపాకుల వందనం దొరికి ఉంటాయని నేను అనుకోను.

పోర్ట్‌లూయీ వాసి:

పిల్లల మాట వచ్చింది కాబట్టి రట్సిమిలాహో పేరు చెప్పాలి. ఇంగ్లీషు ఓడదొంగకు, రాహెనా అనే మలగాసీ రాకుమారికి పుట్టినవాడు. 1712 ప్రాంతంలో తూర్పు తీరపు వంశాలను కూడగట్టి బెట్సిమిసరక సమాఖ్యను నిలబెట్టింది అతడే. అతడి కూతురు బేటీ 1750లో సెయింట్ మేరీ దీవిని ఫ్రెంచివారికి అప్పగించింది. తరువాత మారిషస్‌కు వచ్చి 1805లో మా దీవిలోనే కన్నుమూసింది. ఓడదొంగల సంతతిని అక్కడ జానా మలటా అంటారు. ఇప్పటికీ తమ మూలం అదేనని చెప్పుకొనే కుటుంబాలు ఉన్నాయి. తాత ఎక్కడ పూడ్చబడ్డాడో తెలియకపోయినా తాత ఎవరో వారికి తెలుసు.

సందేహి:

అయితే నా చివరి మాట. పైకి కనిపించే పలకలు ఫ్రెంచి వలసకాలపువని ఒప్పుకొంటాను. కిడ్ కథ, లా బ్యూజ్ శిలువ నిలవవని కూడా ఒప్పుకొంటాను. గుట్టను మాత్రం ఫ్రెంచివారికి ఇంకా రాసివ్వను. అక్షరాలు చెరిగిన రాళ్లను ఎవరైనా శ్రద్ధగా చదివే ప్రయత్నం చేశాకే ఆ మాట అనాలి.

తీరరేఖ:

అందరికీ కృతజ్ఞతలు. నేను సిద్ధం చేస్తున్న చిత్రాల పేజీలో ఆ పుర్రె పలక కింద ‘లెషార్టియే సమాధి, 1834’ అని మాత్రమే రాస్తాను. హాల్సీ అంత్యక్రియలను ఫూల్‌పోయింట్ పేరు కింద వేరుగా పెడతాను. పోర్ట్‌లూయీ వాసి గారూ, మీరు మళ్లీ ఆ గుట్టకు వెళ్లడం జరిగితే చెరిగిన పలకలను మధ్యాహ్నపు వెలుతురులో కాకుండా ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయగలరా? అరిగిన అక్షరాలు అప్పుడే నీడతో పైకి తేలుతాయి.

పోర్ట్‌లూయీ వాసి:

తప్పకుండా. ఉదయం ఎండ, సముద్రం ఆటు రెండూ కలిసే రోజును చూసుకోవాలి, లేకపోతే కెమెరాతో దోనె ఎక్కాలి. పలకకు ఒక పక్క నుంచి దీపం పెట్టి తీసినా అదే ఫలితం వస్తుంది. రాళ్ల మీద సుద్ద రుద్దవద్దని, నాచును గీకవద్దని ఆ గుట్టకు వెళ్లేవారందరికీ మనవి. ఇప్పటికే అలా కొన్ని పాడయ్యాయి.